చెవికి కుదిరిన హెడ్‌ఫోను

కృష్ణానదికి ఎడమగట్టున, జగ్గయ్యపేటకు చేరువలో ముక్త్యాల గ్రామమున్నది. పూర్వపు కృష్ణా జిల్లాలో ఇది మెట్టప్రాంతము. 2022 నుండి ఎన్.టి.ఆర్. జిల్లాలో చేరినది. సున్నపురాయి గనులు, సిమెంటు కర్మాగారములు గల సీమ గనుక రాత్రి పది గంటలకు కూడ బాటపై లారీల చప్పుడు వినబడుచుండును. ఇంటిలో పంకా తిరుగుచుండును. ప్రక్కగదిలో టెలివిజను మ్రోగుచుండును. అట్టి ఒక ఇంటిలో ఒక విద్యార్థి బల్లముందు కూర్చుండి, హెడ్‌ఫోను తగిలించుకొని బాలమురళీకృష్ణ గానము వినుచున్నాడని అనుకొందము.

అతనికి ఒక చిక్కు వచ్చినది. ఆ హెడ్‌ఫోను అతని స్నేహితునిది. స్నేహితుని బల్లవద్ద విన్నప్పుడు మృదంగపు తొప్పి గంభీరముగా పలికినది. తన ఫోనునకు తగిలించి విన్నచో పాట సన్నగా, దూరమునుండి వచ్చినట్లున్నది. హెడ్‌ఫోను అదియే, పాట అదియే, చెవులును అవియే. మరి లోపమెక్కడ? క్రొత్త పరికరము కొనుటకు ముందు దీనికి జవాబు వెదకుట మంచిది. జవాబు హైస్కూలు భౌతికశాస్త్రములోనే యున్నది.

హెడ్‌ఫోను లోపల ఏమున్నది?

1910లో అమెరికాలోని యూటా రాష్ట్రమున నెథానియల్ బాల్డ్విన్ అనునతడు తన వంటింటిలో హెడ్‌ఫోనులు తయారుచేసి ఆ దేశపు నౌకాదళమునకు పంపెను. ఆనాటి హెడ్‌ఫోనులు తంతి, రేడియో సంకేతములు వినుటకే గాని సంగీతమునకు కావు. 1937లో జర్మనీలో బెయర్ సంస్థ తీగచుట్ట కదలు పద్ధతిలో డి.టి. 48 అను హెడ్‌ఫోనును తెచ్చినది. 1958లో అమెరికాలో జాన్ కాస్ రెండు చెవులకు వేర్వేరు ధ్వనుల నందించు స్టీరియో హెడ్‌ఫోనును ప్రజల ముందుంచెను.

నేడు ఎక్కువగా వాడుకలో నున్నది తీగచుట్ట పద్ధతియే. ఒక పలుచని పొరకు వెనుక సన్నని తీగచుట్ట అతికింపబడి, అది ఒక అయస్కాంతపు ధ్రువముల నడుమ నుండును. చుట్టలో విద్యుత్తు ప్రవహించినపుడు అయస్కాంత బలము దానిని ముందునకో వెనుకకో నెట్టును. చుట్టతోపాటు పొర కదలును, పొర గాలిని కదల్చును. విద్యుత్తు సెకనుకు 440 మారులు ముందువెనుకలకు ఊగిన, పొర 440 మారులు ఊగును. మనకు ఆ స్వరము వినబడును. ఇంటిలోని పంకాను త్రిప్పు సూత్రమే ఇక్కడ పాటను పలికించుచున్నది.

ఓముల లెక్క

తీగచుట్ట విద్యుత్ప్రవాహమునకు చూపు అడ్డును అవరోధము అందురు. దానిని ఓములలో కొలుతురు. కొన్ని హెడ్‌ఫోనులు 32 ఓములవి, కొన్ని 300, కొన్ని 600 ఓములవి. స్నేహితుని హెడ్‌ఫోను 600 ఓములది అనుకొందము. ఒక మిల్లీవాటు సామర్థ్యము నందించిన అది 96 డెసిబెల్‌ల ధ్వని నిచ్చును.

మన విద్యార్థి ఫోను అత్యధికముగా అర వోల్టు ఈయగలదు అనుకొందము. వోల్టుల వర్గమును ఓములతో భాగించిన సామర్థ్యము వచ్చును. 0.25ను 600తో భాగించిన సుమారు 0.42 మిల్లీవాటు. ఇది ఒక మిల్లీవాటుకంటె దాదాపు 4 డెసిబెల్‌లు తక్కువ గనుక గరిష్ఠధ్వని 92 డెసిబెల్‌లు. ఇది చాలునే అనిపించవచ్చును. కాని పాట ఎల్లప్పుడు గరిష్ఠమున నుండదు. సంగీతకచ్చేరీలో సగటు ధ్వని గరిష్ఠముకంటె 20 డెసిబెల్‌లు తక్కువగా నుండుట సామాన్యము, అనగా 72. మెల్లని ఆలాపన అంతకంటె మరి 20 తగ్గి 52కు దిగిన, పంకాచప్పుడు దానిని మ్రింగివేయును.

స్నేహితుని బల్లపై నాలుగు వోల్టు లీయగల చిన్న యాంప్లిఫయరున్నది. అర వోల్టునకు నాలుగు వోల్టులు ఎనిమిది రెట్లు. వోల్టులు రెట్టింపైనప్పుడెల్ల 6 డెసిబెల్‌లు పెరుగును. ఎనిమిది రెట్లకు 18. కాబట్టి గరిష్ఠధ్వని 92 నుండి 110కి చేరును. తేడా హెడ్‌ఫోనులో లేదు, దానిని నడుపు శక్తిలో నున్నది.

అయిన, మన విద్యార్థి యాంప్లిఫయరు కొనితీరవలెనా? అక్కరలేదు. ఒక మిల్లీవాటునకు అంతే ధ్వని నిచ్చు 32 ఓముల హెడ్‌ఫోనును ఆ ఫోనుకే తగిలించిన, 0.25ను 32తో భాగింపగా దాదాపు 8 మిల్లీవాటులు వచ్చును. గరిష్ఠధ్వని 105 డెసిబెల్‌లు. ఖరీదైన వస్తువుకంటె జతకుదిరిన వస్తువు మేలు.

జత కుదురుట యనగా మరొకటి కూడ కలదు. ఫోనుకు, యాంప్లిఫయరునకు తమ లోపల కొంత అవరోధముండును. హెడ్‌ఫోను అవరోధము అన్ని స్వరములకు ఒకటే కాదు. మధ్యస్వరముల వద్ద 32 ఓములున్నది మంద్రమున ఒకచోట 64 కావచ్చును. యాంప్లిఫయరు లోపలి అవరోధము కూడ 32 ఓములైనచో మధ్యస్వరములకు వోల్టులలో సగము, మంద్రమునకు మూడింట రెండువంతులు దక్కును. అనగా మంద్రము దాదాపు 2.5 డెసిబెల్‌లు ఉబ్బును. లోపలి అవరోధము ఒక్క ఓమే యైన ఆ తేడా 0.13 డెసిబెల్ మాత్రమే. అందుచేత లోపలి అవరోధము హెడ్‌ఫోను అవరోధములో ఎనిమిదవ వంతునకు మించరాదని అనుభవజ్ఞులు చెప్పుదురు.

పాట సన్నగా వినబడుట ఏల?

శక్తి చాలకున్న పాట మెల్లగా వినబడవలెను గాని, సన్నగా ఏల వినబడినది? ఇక్కడ లోపము యంత్రములో లేదు, మన చెవి స్వభావములో నున్నది. 1933లో ఫ్లెచర్, మన్సన్ అను శాస్త్రజ్ఞులు దీనిని కొలిచి చూపిరి. ధ్వని తగ్గినకొలది మన చెవి మంద్రస్వరములను మధ్యస్వరములకంటె వేగముగా విడిచిపెట్టును. పాట నంతటిని సమానముగా తగ్గించినను, తొప్పి ముందుగా మాయమై గాత్రము మిగులును. పెంచినపుడు తొప్పి తిరిగి వచ్చును.

దీనినుండి ఒక హెచ్చరిక గ్రహింపవలెను. రెండు పరికరములలో కొంచెము బిగ్గరగా మ్రోగునది మంచిదిగా తోచును. అంగడిలో, స్నేహితుల యింట మనము పొరబడున దిక్కడనే.

మరొక కారణము కూడ ఉండవచ్చును. చెవికి, హెడ్‌ఫోను మెత్తకు నడుమ సందున్న, పొర నెట్టిన గాలి ఆ సందుగుండా జారిపోయి మంద్రము క్షీణించును. కండ్లజోడు పుల్ల చేసిన సందు చాలును. మెత్తను వ్రేలితో మెల్లగా అదిమి చూడుడు. మంద్రము పెరిగినచో ముందు సవరింపవలసినది ఆ సందే. దానికి ఖర్చు లేదు.

మూసినదా, తెరచినదా?

1968లో జర్మనీలోని సెన్‌హైజర్ సంస్థ హెచ్.డి. 414 అను హెడ్‌ఫోనును వెనుకభాగము తెరచి తయారుచేసినది. తెరచిన హెడ్‌ఫోనులో ధ్వని విశాలముగా నుండును, కాని బయటి చప్పుడు లోనికి వచ్చును, లోపలి పాట బయటికి పోవును. నదియొడ్డున నిశ్శబ్దమైన గదిలో అది హాయి. బాటప్రక్క యింటిలో మూసిన హెడ్‌ఫోనే మేలు. ఏలయన బయటి చప్పుడును గెలుచుటకు మనము ధ్వనిని పెంచుకొంటూ పోదుము. ఆ పెంపు చెవికి చేటు.

చెవి ఖాతా

ప్రపంచ ఆరోగ్య సంస్థ, అంతర్జాతీయ టెలికమ్యూనికేషన్ల సమితితో కలిసి 2019లో ప్రకటించిన ప్రమాణము ప్రకారము పెద్దలు సగటున 80 డెసిబెల్‌ల ధ్వనిని వారమునకు 40 గంటలు వినవచ్చును. పిల్లలకు ఆ మట్టము 75. ప్రతి 3 డెసిబెల్‌లకు ధ్వనిశక్తి రెట్టింపగును గనుక వినదగిన కాలము సగమగును. 83కు 20 గంటలు, 86కు 10, 89కి 5, 92కు రెండున్నర గంటలు, 95కు గంటంబావు. ఇది రోజునకు కాదు, వారమంతటికి. స్నేహితుని బల్లపై మీట పూర్తిగా త్రిప్పిన సగటు ధ్వని 90కి చేరును. పెద్దవారి వారపు భత్యమే రోజున కొక గంట చొప్పున నాలుగు రోజులలో తీరిపోవును.

లోపలి చెవిలో ధ్వనిని నాడీసంకేతముగా మార్చు రోమకణములు చచ్చిన, మనుష్యులలో తిరిగి మొలవవు. హెడ్‌ఫోను చెడిన మరొకటి కొనవచ్చును. పాట నిలిపిన పిదప చెవులు గింగురుమన్నచో, అది చెవి చేయు ఫిర్యాదని ఎరుగవలెను.

తరగతిలో ఒక పరీక్ష

ఒక్కొక్కరి చెవిడొప్ప, చెవిగొట్టము ఒక్కొక్క ఆకారమున నుండును. చెవిగొట్టము సుమారు 3,000 హెర్ట్జ్‌ల వద్ద అనునాదము చెంది ఆ స్వరములను పెంచును. ఆ పెంపు అందరికి ఒకే తీరున నుండదు. కావున ఒకరు మెచ్చినది మరొకరికి నచ్చకుండుట సహజము. కాని నిజమైన తేడాను ఊహనుండి వేరుచేయుటకు దారి కలదు.

రెండు యాంప్లిఫయరులను తీసికొని ఒకే హెడ్‌ఫోనుతో వినుడు. వోల్టుమీటరుతో కొలిచి రెండింటి ధ్వనిని సమానము చేయుడు. వినువాడు కండ్లు మూసికొనవలెను. మరొకడు నాణెము ఎగురవేసి, బొమ్మ పడిన మొదటిదానిని, బొరుసు పడిన రెండవదానిని తగిలింపవలెను. ఇట్లు పది మారులు. వినువాడు ఏదో చెప్పవలెను, మూడవవాడు వ్రాసికొనవలెను.

ఊరక ఊహించి చెప్పిన, పదింటికి జవాబుల కూర్పులు 1,024. అందులో పదియు సరియైనది ఒకటి, తొమ్మిది సరియైనవి పది. అనగా తొమ్మిదియో పదియో సరిగా చెప్పుట ఊహవలన జరుగు అవకాశము 1,024లో 11, దాదాపు నూటికి ఒకటి. అంత సరిగా చెప్పగలిగిన, ఆ చెవికి తేడా నిజముగా తెలిసినదని నమ్మవచ్చును. అయిదో ఆరో సరియైనచో, డబ్బు దాచుకొనుట మంచిది.

మన విద్యార్థి స్నేహితుని హెడ్‌ఫోను తిరిగి యిచ్చివేసినాడు. తన 32 ఓముల మూసిన హెడ్‌ఫోను మెత్తలను సరిగా అమర్చుకొని, పంకా వేగము ఒక మెట్టు తగ్గించినాడు. తొప్పి వినవచ్చినది. మీట సగము దాటలేదు.