టాల్పడిల్ గ్రామపు పాత ప్రార్థనామందిరము

ఇంగ్లాండుదేశపు డార్సెట్ మండలమున టాల్పడిల్ అను చిన్న గ్రామమందు, 1818 వ సంవత్సరమున మెథడిస్టులు కట్టుకొన్న ప్రార్థనామందిర మొకటి కలదు. దాని గోడలలో గడ్డి కలిపి త్రొక్కిన బంకమన్ను వాడఁబడినది. మన పల్లెల మట్టిగోడలవలెనే యవియుఁ, బైకప్పు చెడక, పునాదికిఁ దడి తగులక యున్నంతకాలము నిలుచును. నీరు చొచ్చెనా, కూలుటకుఁ దడవు పట్టదు.

ఈ మందిరము చరిత్రకెక్కుటకుఁ గారణము 1834 నాఁటి యభియోగము. ఆ గ్రామపుఁ గూలివాండ్రకు వారమునకు 9 షిల్లింగులుగా నుండిన వేతనము క్రమముగా 7 షిల్లింగులకు దిగి, 6 షిల్లింగులకు దింపఁబడునన్న మాటయుఁ బుట్టెను. అంత వారు 1833 లో నొక సంఘమును స్థాపించిరి. కార్మికసంఘములను నిషేధించిన చట్టములు 1824 లోనే రద్దయినవి. కాఁబట్టి యధికారులు, నౌకాసైనికుల తిరుగుబాటు సందర్భమున 1797 లో నేర్పడిన రహస్యప్రమాణనిషేధపు చట్టమును వెదకి తీసి, యార్గురిపైఁ బ్రయోగించిరి. న్యాయస్థానము 7 సంవత్సరముల ద్వీపాంతరవాసము విధింపఁగా వా రాస్ట్రేలియాకుఁ బంపఁబడిరి.

ఆ ప్రమాణము మందిరముననే జరిగెనని కొందఱు తలఁపవచ్చును. అది సరికాదు; జరిగినది థామస్ స్టాండ్‌ఫీల్డు ఇంట. అయినను మందిరమునకు దీనితో సంబంధమే లేదనుటయుఁ బొరపాటు. శిక్షితులలో నైదుగురు మెథడిస్టులు. నాయకుఁడగు జార్జి లవ్‌లెస్సును, అతని తమ్ముఁడు జేమ్సును బోధకులు. ఆ శాఖలో బోధించుటకుఁ బట్టము పొందిన పురోహితుఁడే కానక్కఱలేదు. నాగలి పట్టినవాఁడును గ్రంథము చదివి, పదిమంది యెదుట నిలిచి ప్రసంగింపవచ్చును. చందా వసూలు చేయుట, లెక్క వ్రాయుట, సభ నడపుట — ఇవి కూలివాఁడు వేఱొకచోట నేర్చుటకు నాఁ డవకాశ మరుదు. న్యాయాధిపతికి లవ్‌లెస్సు వ్రాసియిచ్చిన సమాధానపుఁ బటిమకు మూల మిచ్చటనే వెదకవలెను.

1836 లో క్షమాభిక్ష లభించెను. మెథడిస్టులైన యైదుగురును తిరిగివచ్చియుఁ దుదకుఁ గెనడా చేరిరి. స్వగ్రామమున స్థిరపడినవాఁడు జేమ్స్ హామెట్టు ఒక్కఁడే. ఆతఁడో యా మందిరమునకుఁ జెందినవాఁడు కాఁడు! 1860 తరువాత గ్రామమునఁ గ్రొత్తమందిరము వెలసెను; పాతది వ్యవసాయపు సామగ్రి దాఁచు కొట్టమయ్యెను. 1912 లోఁ గ్రొత్తమందిరము ముంగిట స్మారకతోరణము నిలిచినది. 1934 లో నార్గురి పేర నాఱు కుటీరములు కట్టఁబడినవి, హామెట్టు సమాధికి శిలయు నెత్తఁబడినది. పాతకట్టడము మాత్రము కొట్టముగనే యుండెను. 2015 లో నొక ధర్మసంస్థ దానిని గొని జీర్ణోద్ధరణమునకుఁ బూనుకొనెను.