ఆంగ్లరాజస్థాపిత సంఘము – తెలుగునాట దాని పరిణామము

బంగారుపాళ్యమునుండి చిత్తూరునకు బోయి వచ్చిన మా పాఠశాల విద్యార్థి యొకడు అచ్చటి క్రైస్తవదేవాలయపు పలకపై సి.ఎస్.ఐ. యను మూడక్షరములను జూచి, "అయ్యవారూ, వీని కర్థమేమి?" యని నన్నడిగెను. నేను పలుకకమునుపే, చెంతనున్న పండితమిత్రు డొకరు, "అది యింగ్లండు రాజుగారి మతము, నాయనా" యని సమాధానము చెప్పిరి. నాకును నాడంతకంటె నెక్కువ తెలియదు గావున నూరకుంటిని. పిమ్మట విచారింపగా నాయుత్తరము తెలుగుదేశమందలి కొన్నితావులకు సగము మాత్రమే సరిపోవుననియు, చిత్తూరునకు సగమును సరిపోదనియు గ్రహించితిని. బాలునకు తప్పర్థము చెప్పిన దోషము మాబోంట్లపైనున్నది గనుక, దాని సవరించుటకై యీవ్యాసమును వ్రాయుచున్నాను.

శాస్త్రకారులు లక్షణమును రెండు తెఱగుల చెప్పుదురు. వస్తువును విడువక దానితో నుండునది స్వరూపలక్షణము. కొంతకాలము దాని నంటియుండి, దానిని గుర్తించుటకు మాత్రమే యుపకరించి, తొలగినను వస్తువునకు హాని గలిగింపనిది తటస్థలక్షణము. కాకి వ్రాలిన యిల్లు దేవదత్తునిదని చెప్పినచో, కాకి యెగిరిపోయినను ఇల్లు నిలిచియే యుండును. ఆంగ్లసంఘమునకు రాజు స్వరూపలక్షణమా, లేక కాకివలె తటస్థలక్షణమా యనునదియే యిచ్చటి ప్రశ్న. దీనికి తెలుగునాటి చరిత్రమే సమాధానము చెప్పుచున్నది.

మొదట జన్మదేశమందలి చరిత్రమును సంగ్రహముగా జూతము. 1534వ సంవత్సరమున ఎనిమిదవ హెన్రీ రాజు రోమునందలి పోపు నధికారమును త్రోసివైచి, తానే యింగ్లండు సంఘమునకు పరమశిరస్సునని శాసనసభచే శాసనము చేయించెను. ఆయన కుమారుడగు ఆరవ ఎడ్వర్డు కాలమున, 1549లో, ఆంగ్లభాషలో సామాన్యప్రార్థనాగ్రంథము వెలువడెను. పిదప మేరీరాణి దేశమును మరల రోమునకు లోబఱచెను గాని, 1559లో ఎలిజబెత్తురాణి పూర్వస్థితిని పునరుద్ధరించెను. ఆమె 'పరమశిరస్సు' అను బిరుదమును విడిచి 'పరమపాలకురాలు' అను పదమును గ్రహించుట వైయాకరణులు గమనింపదగినది. సంఘమునకు శిరస్సు క్రీస్తే యనువారి యాక్షేపమును ఒక్క పదము మార్చి యామె చల్లార్చెను. నేటికిని అచ్చటి రాజు పరమపాలకుడే. ప్రార్థనాగ్రంథము 1662లో స్థిరరూపమును బొందినది. అధ్యక్షులలో 26 గురికి ప్రభుసభయందు స్థానము కలదు. రాజ్యశాసనముతో నిట్లు పెనవేసికొనినది గావుననే దీనిని రాజస్థాపిత సంఘమందురు.

ఇక దీని నిర్మాణము. ఇందు మూడు పదవులు కలవు. మూటికిని మూలము గ్రీకుపదములే. మొదటిది 'ఎపిస్కొపొస్'. 'ఎపి' యనగా మీద, 'స్కొపొస్' అనగా చూచువాడు. ఆంగ్లమందలి బిషప్పు దీని వికృతియే. తెలుగు బైబిలునందు దీనిని 'అధ్యక్షుడు' అని పరివర్తించిరి. అధి యను నుపసర్గమును, నేత్రాదీంద్రియవాచకమగు అక్షశబ్దమును గలిసిన యీపదము మూలమునకు ప్రతిబింబమువలె నున్నది. రెండవది 'ప్రెస్బుటెరొస్', అనగా పెద్దవాడు. ఆంగ్లమున ప్రీస్టు అను మాట దీనినుండియే పుట్టినది. బైబిలునందు 'పెద్దలు' అనియు, వాడుకలో గురువు, అయ్యగారు అనియు వ్యవహారము. మూడవది 'దియాకొనొస్', అనగా పరిచారకుడు. గురువునకును పరిచారకునకును అధ్యక్షుడే శిరముపై చేయుంచి పదవి నొసగును. అధ్యక్షునకు పూర్వాధ్యక్షు లొసగుదురు. ఇది యెడతెగని పరంపరయని వారి విశ్వాసము. మన గురుపరంపరాభావము నెఱిగినవారికి దీని గౌరవమును వివరింప బనిలేదు.

అధ్యక్షు డేలెడి ప్రాంతమును తెలుగున 'అధ్యక్షఖండము' అందురు. ఇంగ్లండు సంఘమున కాంటర్బరీ, యార్కు అను రెండు ప్రధానాధ్యక్షపీఠముల క్రింద నిట్టివి 42 కలవు. అన్నిటికి పైనుండు సభ సినడు. 'సున్' అనగా కూడ, 'హొదొస్' అనగా మార్గము. సమ్ అను నుపసర్గముతో గూడిన ఇణ్ ధాతువునకు క్తిన్ ప్రత్యయము చేర్చగా నేర్పడు 'సమితి' శబ్దమున కిది యర్థమున నతిసన్నిహితము. ఇంగ్లండునందు 1970 మొదలు ఈసభయందు అధ్యక్షులు, గురువులు, గృహస్థులు అను మూడు వర్గములు గలవు.

ఈసంఘము మనదేశమునకు కంపెనీ నౌకలలో వచ్చినది. చెన్నపట్టణపు కోటయందలి సెయింటు మేరీ దేవాలయము 1680లో ప్రతిష్ఠితమయ్యెను. 1813వ సంవత్సరపు శాసనము ననుసరించి, 1814లో మిడిల్టను కలకత్తాకు ప్రథమాధ్యక్షుడయ్యెను. 1835లో చెన్నపురికి వేఱుగ నధ్యక్షపీఠ మేర్పడినది. ఈయధ్యక్షులు రాజముద్రాంకితమగు పత్రముచే నియుక్తులు. రాజసంబంధ మిచ్చట నెంత చిక్కు తెచ్చెనో యొక్క యుదాహరణమున దెలియును. భారతీయులకు గురుపట్టము నొసగుటకు రాజపత్రము తన కధికార మీయలేదని మిడిల్టను వెనుదీసెను. 1823లో ఆంగ్లశాసనసభ వేఱొక చట్టము చేయవలసివచ్చెను. అటుపిమ్మటనే, 1824లో, అధ్యక్షుడగు హీబరు క్రిస్టియను డేవిడ్ అను తమిళునకు పట్టమిచ్చెను. క్రీస్తును నమ్మినవాడు గురువగుటకు లండనునందలి చట్టము కావలసివచ్చె నన్నమాట!

తెలుగుదేశమున 1841లో ఫాక్సు, నోబిలు అను నిరువురు మచిలీపట్టణమునకు వచ్చి యీసంఘపు పని నారంభించిరి. కాని పెద్దమార్పు నైజాము రాజ్యమందలి దోర్నకల్లున జరిగెను. తిరునెల్వేలిప్రాంతమున 1874లో జన్మించిన వేదనాయగం సామ్యూలు అజరయ్య అను తమిళుడు 1909లో దోర్నకల్లు చేరి, తెలుగు నేర్చి, ఆప్రాంతపు జనులలో బనిచేసెను. 1912 డిశంబరు 29వ తేదిని కలకత్తాలో ఆయన అధ్యక్షుడుగా నభిషిక్తుడయ్యెను. ఆంగ్లసంఘమున నీపదవి నందిన ప్రథమభారతీయు డాయనయే. ఆయన యుండిన దోర్నకల్లు ఆంగ్లరాజుపాలనలోని నేలయు గాదు. 1939లో ప్రతిష్ఠితమైన యచ్చటి మహాదేవాలయమున హైందవ, మహమ్మదీయ శిల్పరీతులు గలిసియున్నవి. ఆయన 1945 జనవరి 1వ తేదిని స్వర్గస్థుడయ్యెను.

ఈమధ్యకాలముననే రాజబంధము శాసనతః తెగినది. 1871లో ఐర్లండునందును, 1920లో వేల్సునందును ఆంగ్లసంఘము రాజస్థాపితత్వమును గోల్పోయియుండెను. భారతదేశ విషయమున 1927లో చట్టమై, 1930 మార్చి 1వ తేదినుండి యమలులోనికి వచ్చెను. నాటినుండి యిచ్చటిది ఇంగ్లండు సంఘమునకు శాఖ గాదు. ఇండియా, బర్మా, సిలోనుల సంఘమను స్వతంత్రసంఘము. కాకి యెగిరిపోయినది, ఇల్లు నిలిచినది. అధ్యక్షులు, గురువులు, పరిచారకులు, ప్రార్థనాగ్రంథము యథాపూర్వముగ నుండిరి.

తరువాత నింకొక కఠినతరమగు పరీక్ష వచ్చెను. 1919లో తరంగంబాడియందు అజరయ్య ప్రభృతులు క్రైస్తవశాఖల యేకీకరణమును దలపెట్టిరి. ఆయన గతించిన పిదప, 1947 సెప్టెంబరు 27వ తేదిని చెన్నపురి సెయింటు జార్జి మహాదేవాలయమున ఆంగ్లసంఘీయులు, మెథడిస్టులు, దక్షిణఇండియా ఐక్యసంఘమువారు ఏకమైరి. అదియే దక్షిణఇండియా సంఘము. బాలు డడిగిన మూడక్షరముల కర్థ మదియే. అధ్యక్షహస్తమున పట్టమందని యితరశాఖల గురువులను నాడు యథాతథముగ గురువులనుగా నంగీకరించిరి. అటుపై పట్టము పొందువా రెల్లరు అధ్యక్షునిచేతనే పొందవలెనని నిబంధన చేసిరి. అధ్యక్షుని రాజు నియమింపడు. అధ్యక్షఖండసభ కొందఱి పేళ్లను సూచింపగా సినడు పక్షమున నొకరిని వరింతురు.

ఈనిబంధన నంద్యాలప్రాంతమువారిలో బెక్కండ్రకు సమ్మతము గాలేదు. పరంపర తెగునని వారి భయము. వారు కలయిక కొల్లక పూర్వసంఘముననే నిలిచిరి. వారిని మొండివారని త్రోసివేయుట న్యాయము గాదు. ఏలయన, రాజు పోయినప్పుడు వారు కలతజెందలేదు. పరంపర తెగునన్నప్పుడు కలతజెందిరి. ఏది స్వరూపమో, ఏది తటస్థమో వారి కలతయే చెప్పుచున్నది. తరువాత వారును దక్షిణఇండియా సంఘమున జేరిరి.

ఇక మా చిత్తూరు. చిత్తూరు, మదనపల్లె, పలమనేరు ప్రాంతముల క్రైస్తవసంఘములకు మాతృక 1853లో స్కడ్డరు సోదరులు స్థాపించిన ఆర్కాటు మిషను. వారు అమెరికావారు, వారి సంఘము హాలెండునుండి యమెరికాకు బోయినవారిది. దానికి రాజును లేడు, అధ్యక్షుడును లేడు, పెద్దలసభయే పాలకము. వీరు ఐక్యసంఘముద్వారా 1947లో దక్షిణఇండియా సంఘమును జేరి, అధ్యక్షుని తొలిసారిగ స్వీకరించిరి. దోర్నకల్లువారు రాజును విడిచి అధ్యక్షుని నిలుపుకొనిరి. చిత్తూరువారు రాజు నెన్నడు నెఱుగకయే అధ్యక్షుని బొందిరి. ఇట్టివారిని "ఇంగ్లండు రాజుగారి మతమువారు" అనుట యెంతటి యసంగతమో విజ్ఞులే యోచింతురు గాక!

నేడు తెలుగునాట కృష్ణాగోదావరి, దోర్నకల్లు, మెదకు, కరీంనగరము, రాయలసీమ, నంద్యాల యను నధ్యక్షఖండములు గలవు. నాడు పరంపరకై పట్టుబట్టిన యానంద్యాలయందే, 2013లో ఎగ్గోని పుష్పలలిత యను విదుషీమణి అధ్యక్షురాలుగా నభిషిక్తురాలయ్యెను. దక్షిణఇండియా సంఘమున నీపదవి నందిన ప్రథమస్త్రీ యామెయే. ఇంగ్లండు సంఘమున నొక స్త్రీకి అధ్యక్షాభిషేకము 2015లో గాని జరుగలేదు. జన్మదేశమునకంటె ముందే తెలుగునాట అధ్యక్షశబ్దమునకు స్త్రీలింగరూపము సార్థకమయ్యెను.

ఆవిద్యార్థిని మరల బిలిచి, "నాయనా, ఆమూడక్షరములలో రాజు లేడు, దక్షిణదేశపు సంఘమని వాని యర్థము" అని చెప్పితిని. నాపండితమిత్రులును విని యంగీకరించిరి. శబ్దమునకు సరియైన యర్థము చెప్పుట పండితుని ధర్మము. పొరుగువాని పేరు విషయమున నది మఱింత ముఖ్యము.