జీటీ కారు కొంటున్నారా? ఇంజిన్ కంటే ముందు గేర్‌బాక్స్ సంగతి అడగండి

పోలో జీటీ, వర్టస్ జీటీ, ఆక్టావియా ఆర్‌ఎస్ లాంటి కార్లంటే కుర్రాళ్లకు మోజు. పికప్ బాగుంటుంది, కుటుంబమంతా కూర్చోవచ్చు, సెకండ్ హ్యాండ్‌లోనూ దొరుకుతాయి. ఇంట్లో పెద్దవాళ్లు మాత్రం "ఆటోమేటిక్ వద్దు బేటా, గేర్‌బాక్స్ పోతే కొత్తది వేయించాలంటే తల ప్రాణం తోకకొస్తుంది" అంటారు. ఆ భయంలో నిజం ఉంది. కానీ అది అన్ని ఆటోమేటిక్‌లకూ వర్తించదు. ఒకే పేరుతో, ఒకే షేపుతో ఉన్న రెండు కార్లలో రెండు రకాల గేర్‌బాక్స్‌లు ఉండొచ్చు.

ముందు చక్రాల కార్లలో ఇబ్బంది ఎక్కడ?

ఇవన్నీ ఫ్రంట్ వీల్ డ్రైవ్ కార్లు. బానెట్ కింద ఇంజిన్ అడ్డంగా ఉంటుంది. గేర్‌బాక్స్ దాని పక్కనే, రెండు చక్రాల మధ్య ఉన్న కొద్ది చోటులో సర్దుకోవాలి. వెనక చక్రాలతో నడిచే బీఎండబ్ల్యూల్లో ఉండే పొడవాటి 8 గేర్ల ఆటోమేటిక్ ఇక్కడ పట్టదు. అందుకే పికప్ కార్లలో ఎక్కువగా కనిపించేవి మూడు రకాలు: టార్క్ కన్వర్టర్, డ్రై క్లచ్ డీసీటీ, వెట్ క్లచ్ డీసీటీ. ఫోక్స్‌వ్యాగన్, స్కోడా వాళ్లు డీసీటీనే డీఎస్‌జీ అంటారు.

మూడింటికీ తేడా ఏంటి?

టార్క్ కన్వర్టర్‌లో ఇంజిన్ బలం ఆయిల్ ద్వారా గేర్లకు చేరుతుంది. ట్రాఫిక్‌లో కారు మెల్లగా పాకుతున్నప్పుడు జారేది ఆయిలే కాబట్టి అరుగుదల తక్కువ. గేరు మారడం కొంచెం నిదానంగా అనిపిస్తుంది, అంతే.

డీసీటీలో రెండు క్లచ్‌లు ఉంటాయి. ఒకటి 1, 3, 5 గేర్లు చూసుకుంటే, రెండోది 2, 4, 6 గేర్లు చూసుకుంటుంది. తర్వాతి గేరు ముందే సిద్ధంగా ఉంటుంది కాబట్టి కంటిరెప్ప పాటులో మారిపోతుంది. స్పీడ్ ఇష్టపడేవాళ్లకు నచ్చేది ఇదే.

అయితే డ్రై క్లచ్‌కు గాలి తప్ప చల్లార్చేది ఏదీ లేదు. మెహదీపట్నం నుంచి టోలిచౌకి వైపు సాయంత్రం జామ్‌లో కారు అడుగు అడుగుగా కదులుతుంటే, క్లచ్ సగం పట్టి సగం జారుతూ వేడెక్కుతుంది. మే నెల ఎండ తోడైతే ఇంకా కష్టం. వెట్ క్లచ్ ఆయిల్‌లో మునిగి ఉంటుంది, ఆ వేడిని ఆయిల్ లాగేస్తుంది. అందుకే ఎక్కువ బలం ఉన్న ఇంజిన్లకు కంపెనీలు వెట్ క్లచ్ వాడతాయి.

భయం ఎక్కడి నుంచి వచ్చింది?

ఫోక్స్‌వ్యాగన్ 7 గేర్ల డ్రై క్లచ్ డీఎస్‌జీ పేరు డీక్యూ200. దీని మీద చైనాలో ఫిర్యాదులు వెల్లువెత్తాయి. కంపెనీ 2012లో అక్కడ వారంటీని 10 ఏళ్లు లేదా 1,60,000 కిలోమీటర్లకు పెంచింది. 2013 మార్చిలో 3,84,181 కార్లను వెనక్కి పిలిపించింది. ఫోర్డ్ పవర్‌షిఫ్ట్ కూడా డ్రై క్లచ్చే. దాని ఫిర్యాదులను సరిగా పట్టించుకోలేదని 2018లో ఆస్ట్రేలియా కోర్టు ఫోర్డ్‌కు కోటి ఆస్ట్రేలియన్ డాలర్ల జరిమానా వేసింది.

అంటే ప్రతి డ్రై క్లచ్ కారూ చెడిపోతుందని కాదు. వేల కిలోమీటర్లు ఏ ఇబ్బందీ లేకుండా తిరుగుతున్నవీ ఉన్నాయి. వాడకం, రోడ్డు, ఎండ బట్టి రిస్క్ మారుతుంది.

ఏ కారులో ఏది?

పోలో జీటీ టీఎస్‌ఐ 2013లో వచ్చినప్పుడు 1.2 ఇంజిన్, డ్రై డీఎస్‌జీ. 2020లో 1.0 ఇంజిన్‌కు మారినప్పుడు 6 గేర్ల టార్క్ కన్వర్టర్ వచ్చింది. పేరు అదే, లోపల గేర్‌బాక్స్ వేరు.

వర్టస్, స్లావియాల్లో 1.0 ఆటోమేటిక్ అయితే టార్క్ కన్వర్టర్. 1.5 అయితే డ్రై డీఎస్‌జీ. వెనక 'జీటీ' బ్యాడ్జి చూసి తేల్చుకోవద్దు, ఎందుకంటే వర్టస్ 'జీటీ లైన్'లో 1.0 ఇంజిన్ కూడా ఉంది. ఆక్టావియా ఆర్‌ఎస్, గోల్ఫ్ జీటీఐల్లో వెట్ క్లచ్.

ఇంకో ముఖ్యమైన లెక్క. డీక్యూ200 తట్టుకునే టార్క్ 250 న్యూటన్ మీటర్లు. వర్టస్ 1.5 ఇంజిన్ ఇచ్చేదీ సరిగ్గా 250. అంటే గ్లాసు అంచుదాకా నిండి ఉంది. అలాంటి కారుకు బయట రీమ్యాప్ చేయించి పవర్ పెంచితే ఆ భారమంతా క్లచ్ మీద పడుతుంది. వారంటీ మీదా ఆశ వదులుకోవాల్సిందే.

సెకండ్ హ్యాండ్ కొనేముందు

* ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు ఒకసారి, అరగంట ట్రాఫిక్‌లో తిప్పాక మరోసారి నడపండి. 1 నుంచి 2కు మారేటప్పుడు, రివర్స్‌లో ఎత్తు ఎక్కేటప్పుడు కారు వణికితే ఆగి ఆలోచించండి.
* సర్వీస్ రికార్డు అడగండి. ఆక్టావియా ఆర్‌ఎస్ 6 గేర్ల వెట్ డీఎస్‌జీకి 60,000 కిలోమీటర్లకు గేర్‌బాక్స్ ఆయిల్ మార్చాలి. అది లేకపోతే ధర తగ్గించమనండి, లేదా వదిలేయండి.
* ఈ గేర్‌బాక్స్‌లు తెలిసిన మెకానిక్‌తో స్కానర్ పెట్టించండి. ఎర్రర్ కోడ్‌లు అందులో బయటపడతాయి.

డ్రై క్లచ్ కారు ఇప్పటికే ఇంట్లో ఉంటే

ఫ్లైఓవర్ ఎక్కేచోట ఎక్సలరేటర్‌తో కారును ఆపి ఉంచొద్దు, బ్రేకు నొక్కండి. ముందు బండి జానెడు కదలగానే వెంట పడకుండా కొంచెం ఖాళీ వచ్చాక ఒకేసారి కదలండి. గేర్‌బాక్స్ వేడెక్కిందని డ్యాష్‌బోర్డ్ మీద హెచ్చరిక వస్తే పక్కకు ఆపి చల్లారనివ్వండి.

రోజూ సిటీ ట్రాఫిక్‌లోనే తిరగాలి, అమ్మీ అబ్బా కూడా నడపాలి అంటే టార్క్ కన్వర్టర్ నిశ్చింత. ఎక్కువగా హైవే మీద కర్నూలు, విజయవాడ తిరిగేవాళ్లు డ్రై డీఎస్‌జీతో పెద్ద ఇబ్బంది పడరు. 200 హార్స్‌పవర్ దాటిన కారే కావాలంటే వెట్ క్లచ్ ఉన్నదే చూడండి, దాని ఆయిల్ ఖర్చు ముందే లెక్కలో వేసుకోండి.