ఆతిథ్య వృత్తిలో అందరికీ స్థానం

హోటలులో అతిథి కంటబడేది భోజనశాల మాత్రమే. దాని వెనుక వంట, బట్టల శుభ్రత, గదుల నిర్వహణ, లెక్కలు మొదలైన పనులెన్నో ఉన్నవి. వీటిలో పెక్కింటికి వినికిడి అనివార్యం కాదు. లెమన్ ట్రీ హోటళ్ల సంస్థ 2007లో బధిరులను ఉద్యోగాలలోకి తీసుకోవడం ప్రారంభించింది. తోటి సిబ్బందికి సంజ్ఞాభాష నేర్పించింది.

2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం ప్రకారం ప్రతి సంస్థా సమానావకాశ విధానాన్ని ప్రకటించాలి. 20 మంది లేదా అంతకు మించి ఉద్యోగులున్న సంస్థ అందులో తగిన ఉద్యోగాలు, ఎంపిక పద్ధతి, శిక్షణ, ప్రత్యేక సెలవు, సహాయక పరికరాలను పేర్కొనాలి. ప్రభుత్వ సంస్థలలో కనీసం 4 శాతం ఉద్యోగాలను 40 శాతానికి తగ్గని వైకల్యం గలవారికి కేటాయించాలి. ప్రైవేటు హోటళ్లకు ఈ కేటాయింపు నిర్బంధం లేదు. అక్కడ యాజమాన్య సంకల్పమే ప్రధానం.

నియామకం దయాదానం కాదు. సమాన వేతనం, పదోన్నతి కూడా లభించిననాడే అది హక్కు అనిపించుకొంటుంది.