దెబ్బ అడుగున, తెగింది పైన

1872లో జాన్ హాప్కిన్సన్ అనే కుర్ర ఇంజనీరు పొడవాటి ఇనుప తీగను నిటారుగా వేలాడదీశాడు. తీగ అడుగున ఒక బిగింపు. నడుమ బెజ్జమున్న బరువును తీగకే గుచ్చి పైనుంచి వదిలితే సర్రున దిగి ఆ బిగింపు మీద పడేది. దెబ్బ తగిలేది అడుగున గనుక తెగితే అక్కడే తెగాలి. కానీ చాలాసార్లు పైన, కట్టిన చోట తెగింది. ఇంకో విడ్డూరం కూడా ఉంది. బరువు పెంచినా తగ్గించినా, తీగ తెగడానికి కావలసిన ఎత్తు పెద్దగా మారలేదు. తీగకు పట్టింది బరువు కాదు, వేగం.

దెబ్బ తగిలిందన్న కబురు లోహంలోనే నడిచి వెళ్ళాలి. ఉక్కులో అది సెకనుకు సుమారు 5000 మీటర్లు పోతుంది. మీటరు కడ్డీని ఈ చివర కొడితే ఆ చివరకు తెలియడానికి సెకనులో అయిదువేలో వంతు పడుతుంది. అంతసేపూ ఆ చివరకు ఏమీ తెలియదు. ఆ అల బిగించిన చోటు తాకి వెనక్కి మళ్ళేటప్పుడు, వచ్చేదీ పోయేదీ కలిసి అక్కడ లాగుడు రెట్టింపవుతుంది. హాప్కిన్సన్ తీగ పైన తెగింది అందుకే.

ఆయన కొడుకు బెర్ట్రమ్ కేంబ్రిడ్జిలో ప్రొఫెసరయ్యాక తండ్రి ప్రయోగాన్ని మళ్ళీ చేశాడు. 1914లో అసలు యంత్రాన్ని బయటపెట్టాడు. యంత్రమంటే పళ్ళచక్రాలూ మరలూ ఊహించుకోకండి. వేలాడదీసిన ఒక ఉక్కు కడ్డీ, అంతే. తుపాకి గుండు తగిలినప్పుడు, మందు పేలినప్పుడు పీడనం ఎంత, ఎంతసేపు అన్నది ప్రశ్న. అంత చురుగ్గా కదిలే ముల్లు అప్పుడు ఎవరి దగ్గరా లేదు.

గోళీలు వరసగా ఆనించి పెట్టి ఈ చివర కొడితే ఆ చివరి గోళీ ఒక్కటే ఎగిరిపోవడం చిన్నప్పుడు చూసే ఉంటారు. బెర్ట్రమ్ ఉపాయం దానికి దగ్గరి చుట్టం. కడ్డీ చివర అదే మందం గల చిన్న ముక్కను, నున్నగా అరగదీసి, కాస్త గ్రీజు రాసి, అయస్కాంతంతో అంటించాడు. నొక్కుడు అల ఆ అతుకును హాయిగా దాటుతుంది. చివర తగిలి లాగుడుగా మారి మళ్ళిందా, అతుకు ఆగదు. తనలో చిక్కిన ఊపుతో ముక్క ఎగిరిపోయి ఎదురుగా వేలాడే లోలకంలో పడుతుంది. లోలకం ఎంత ఊగిందో కొలిస్తే ఊపు తెలుస్తుంది. ముక్క పొడవు మారుస్తూ పోతే, ఒక పొడవు దగ్గర ఊపంతా ముక్కతోనే పోయి కడ్డీ కదలకుండా ఉండిపోతుంది. ఆ పొడవే దెబ్బ ఎంతసేపుందో చెబుతుంది. గడియారం పని ఇనుప ముక్క చేసిందన్నమాట. ఈ కథలో నాకు అన్నిటికన్నా ముచ్చటైన ఘట్టం ఇదే.

తండ్రి 1898 ఆగస్టు 27న ఆల్ప్స్ కొండ ఎక్కుతూ, ఒక కొడుకుతో, ఇద్దరు కూతుళ్ళతో సహా పడి చనిపోయాడు. బెర్ట్రమ్ 1918 ఆగస్టు 26న తాను నడుపుతున్న విమానం కూలి చనిపోయాడు. ఇరవై ఏళ్ళకు ఒక్క రోజు తక్కువ.

ఇంజనీరింగ్ కాలేజీలో లోహాల బలం పరీక్షించే యూటీఎం (యూనివర్సల్ టెస్టింగ్ మెషీన్) చూసినవాళ్ళకు తెలుసు, అది లోహాన్ని నిమిషాల తరబడి తాపీగా లాగుతుంది. గుద్దుకున్న కారుకు, గుండు తగిలిన కవచానికి అంత తీరిక ఉండదు. 1949లో హెర్బర్ట్ కోల్‌స్కీ కడ్డీని రెండు చేసి, నడుమ పరీక్షించే పదార్థాన్ని పల్చటి బిళ్ళగా ఇరికించాడు. మొదటి కడ్డీలో వచ్చిన అల బిళ్ళ దగ్గర చీలుతుంది. వెనక్కి మళ్ళిన భాగం బిళ్ళ ఎంత జోరుగా నలిగిందో చెబుతుంది, రెండో కడ్డీలోకి దాటిన భాగం అది ఎంత ఎదురు నిలిచిందో చెబుతుంది. ఈ యంత్రాన్ని కొందరు హాప్కిన్సన్ బార్ అంటారు, కొందరు కోల్‌స్కీ బార్ అంటారు. నన్నడిగితే ముగ్గురిదీ.

ఇప్పుడైతే గ్యాస్ గన్‌తో ఒక చిన్న కడ్డీని మొదటి కడ్డీ మీదికి వదులుతారు. వేగం సెకనుకు 10 మీటర్లు, అంటే స్కూటరు వేగమే. అయినా ఉక్కు కడ్డీలో పుట్టే ఒత్తిడి వాతావరణ పీడనానికి దాదాపు రెండువేల రెట్లు. 20 సెంటీమీటర్ల కడ్డీ కొడితే దెబ్బ ఉండేది సెకనును లక్ష పాళ్ళు చేస్తే అందులో ఎనిమిది పాళ్ళు.

యూటీఎం మీద ఒక బలానికి లొంగే మెత్తటి ఉక్కు, ఇక్కడ దానికి రెట్టింపు దాకా పెడితేగానీ లొంగదు. లోహం వంగడమంటే లోపల పరమాణువుల వరస తప్పిన చోట్లు జరుగుతూ పోవడం. అడ్డాలు దాటడానికి వాటికి వేడి తెచ్చే కుదుపులు తోడు పడతాయి. తొందరపెడితే ఆ తోడు అందదు, బలంతోనే తొయ్యాలి.

అలాగని ఎప్పుడూ గట్టిపడుతుందనుకోకూడదు. ఇనుప తీగను అటూ ఇటూ వంచి విరిచి చూడండి, విరిగిన చోట వేలికి చుర్రుమంటుంది. వంచిన శ్రమలో చాలా భాగం వేడే అవుతుంది. హఠాత్తుగా దెబ్బ పడితే ఆ వేడికి పక్కలకు పారే వ్యవధి ఉండదు. ఎక్కువ నలిగిన చోట మెత్తబడుతుంది, మెత్తబడ్డ చోటే ఇంకా నలుగుతుంది, చివరికి వెంట్రుక కన్నా సన్నటి చార వెంట తెగుతుంది. టైటానియానికి ఈ జబ్బు ఎక్కువ. 1870ల్లోనే ఫ్రెంచి ఇంజనీరు ట్రెస్కా, ప్లాటినం కడ్డీని సుత్తితో కొట్టిస్తుంటే దాని పక్కల మీద ఇంటూ గుర్తులా మెరిసిన గీతలు చూశాడు. మన యుద్ధ ట్యాంకులకు కవచం రూపొందించి, హైదరాబాదు కంచన్‌బాగ్ పేరు మీదుగా 'కాంచన్' అని పిలుచుకున్న డీఎంఆర్ఎల్ (రక్షణ శాఖ లోహ పరిశోధనశాల) వంటి చోట్ల ఈ లెక్కలు ఆషామాషీవి కావు.

ప్రయోగశాలలో కొట్టే ముందు మొదటి కడ్డీ మొహానికి నాణెంలా ఒక రాగి బిళ్ళ అంటిస్తారు. మెత్తటి రాగి తాను నలుగుతూ అల మొదట్లోని కరుకుదనాన్ని సర్దుతుంది. కడ్డీలు వెంట్రుకవాసి పక్కకు ఒరిగినా అల పాడవుతుంది గనుక, వాటిని ఒక వరసకు తెచ్చేసరికి పూట గడిచిపోతుంది. తర్వాత టక్కున ఒక చప్పుడు. తెర మీద మూడు అలల గీతలు: వచ్చినది, మళ్ళినది, దాటినది. నలిగిన రాగి బిళ్ళను గోటితో గీకి తీసి, కొత్తది అంటిస్తారు.