పాతబస్తీ చెప్పే యుద్ధపాఠం

కోటగోడ నుంచి క్షిపణి దాకా మూడు శతాబ్దాల సైనిక చరిత్రకు సాక్షి

దబీర్‌పురా దర్వాజా కమాను కింద నుంచి ఆటోలు, బైకులు రోజంతా దూసుకుపోతుంటాయి. తలెత్తి ఆ రాళ్లను చూసేవాళ్లు తక్కువ. ఒకప్పుడు హైదరాబాద్ నగరాన్ని చుట్టిన ప్రాకారానికి 13 దర్వాజాలుండేవి. మొగల్ సుబేదారు ముబారిజ్ ఖాన్ మొదలుపెట్టిన ఆ గోడను మొదటి నిజాం ఆసఫ్ జా పూర్తిచేయించాడు. మెరుపుదాడికి వచ్చే గుర్రపు దండును బయటే ఆపేయడం అప్పటి యుద్ధనీతి. 1908 మూసీ వరద కొంత, నగర విస్తరణ మరికొంత ఆ గోడను మింగేశాయి. దబీర్‌పురా, పురానాపూల్ దర్వాజాలే మిగిలాయి.

కాగితం గెలిచిన యుద్ధం

18వ శతాబ్దం చివరికి గోడల కంటే కవాతు ముఖ్యమైంది. ఫ్రెంచి సేనాని రేమాండ్ రెండో నిజాం కోసం ఐరోపా పద్ధతిలో తుపాకీ పటాలాలను తీర్చిదిద్దాడు. తోపుల బట్టీలో ఫిరంగులు పోతపోయించాడు. 1798 మార్చిలో ఆయన చనిపోయేనాటికి దళంలో సుమారు 14 వేల మంది ఉన్నారు. సెప్టెంబరు 1న నిజాం ఈస్టిండియా కంపెనీతో సైన్య సహకార ఒప్పందం చేసుకున్నాడు. దాని ప్రకారం అక్టోబరులో కంపెనీ సేనలు ఫ్రెంచి దళాన్ని చుట్టుముట్టాయి. జీతాలందక అప్పటికే తిరగబడిన సిపాయిలు ఆయుధాలు దించేశారు. దక్కనులో అంతటి బలగం యుద్ధం చేయకుండానే చెదిరిపోయింది.

1857 జులై 17న తుర్రేబాజ్ ఖాన్, మౌల్వీ అల్లాఉద్దీన్ నాయకత్వంలో జనం మూసీ దాటి కోఠీలోని బ్రిటిష్ రెసిడెన్సీ మీదికి వెళ్లారు. తెగువకు కొదవ లేదు. కానీ ఎదుట ఫిరంగులు సిద్ధంగా ఉన్నాయి. తెల్లారేసరికి తిరుగుబాటు అణిగిపోయింది. తుర్రేబాజ్ ఖాన్‌ను 1859లో చంపేశారు. అల్లాఉద్దీన్‌ను అండమాన్ పంపారు.

బార్కాస్ పక్కనే కంచన్‌బాగ్

యెమెన్‌లోని హద్రమౌత్ నుంచి వచ్చి నిజాం కొలువులో చేరిన అరబ్బు సైనికుల బస్తీ బార్కాస్. వారి వారసుల ఒంటిమీద ఇప్పటికీ రంగురంగుల లుంగీలు, హోటళ్లలో పొద్దున్నే వేడివేడి హరీస్. 1948 సెప్టెంబరు 13న భారత సైన్యం ట్యాంకులు, విమానాలతో నిజాం రాజ్యం మీదికి కదిలింది. అయిదు రోజుల్లోనే అంతా ముగిసింది. 18న నిజాం సేనాధిపతి ఎల్ ఎద్రూస్ భారత సేనాని మేజర్ జనరల్ చౌధురికి లొంగిపోయారు. ఆ సైన్యాన్నే నమ్ముకున్న బార్కాస్ కుటుంబాలకు బతుకుదెరువు పోయింది.

ఆ బస్తీకి కూతవేటు దూరంలోని కంచన్‌బాగ్‌లో రక్షణ పరిశోధన, ఉత్పత్తి సంస్థలైన డీఆర్‌డీఎల్, డీఎంఆర్‌ఎల్, బీడీఎల్, మిధాని ఉన్నాయి. 1982లో అబ్దుల్ కలాం డీఆర్‌డీఎల్ డైరెక్టరయ్యారు. మరుసటి ఏడాదే క్షిపణుల కార్యక్రమం మొదలైంది. 1987లో ఏడు దేశాలు క్షిపణి పరిజ్ఞానం ఎగుమతులకు అడ్డుకట్ట వేశాయి. అయినా 1988లో పృథ్వి, 1989లో అగ్ని ఎగిరాయి. అర్జున్ ట్యాంకుకు తొడిగిన కవచం డీఎంఆర్‌ఎల్ తయారుచేసిందే. దానికి పెట్టిన 'కంచన్' అనే పేరు కంచన్‌బాగ్ నుంచి వచ్చిందే.

ఈ చరిత్ర చెప్పే మాట ఒక్కటే. నాడు ఫిరంగులున్నా వాటి విద్య పరాయి సేనాని చేతిలో, వాటి భవితవ్యం పరాయి కంపెనీ ఒప్పందంలో ఉండిపోయాయి. సిపాయికి జీతం సరిగ్గా అందని రాజ్యాన్ని, ఆయుధవిద్య సొంతం కాని రాజ్యాన్ని ఏ గోడా కాపాడలేదు. చార్మినార్ చూపించడానికి పిల్లల్ని తీసుకెళ్లే తల్లిదండ్రులు, ఉపాధ్యాయులు ఈ సంగతి కూడా వాళ్లకు చెప్పాలి.