ఒంటరి నడక, గుంపు నడక

పశువుల పేడమీద, కుళ్ళుతున్న కర్రమీద ఒక్కొక్కప్పుడు పసుపు, నారింజ రంగుల బొడిపెలు కనిపిస్తాయి. అవి ఆవగింజకన్న ఎంతో చిన్నవి, భూతద్దంతో వెదకవలసినవి. 19వ శతాబ్దంలో వీటిని బూజుజాతి జీవులని భావించారు. ఇవి అసంఖ్యాకమైన బాక్టీరియాలు కలిసి కట్టుకొన్న కట్టడాలని 1892లో హార్వర్డు విశ్వవిద్యాలయానికి చెందిన రోలండ్ థాక్స్‌టర్ ప్రకటించాడు.

ఈ కుటుంబంలో శాస్త్రజ్ఞులు ఎక్కువగా పరిశోధించినది మిక్సోకాకస్ జాంథస్. ఇది నేలలో నివసించే సన్నని కడ్డీవంటి కణం. ఇతర సూక్ష్మజీవులను కరిగించి ఆహారంగా తీసుకొంటుంది. ఆహారం కరవైనప్పుడు సుమారు లక్ష కణాలు ఒకచోటికి పాకి గుట్టగా పేరుకొంటాయి. ఈ గుట్టనే ఫలనాంగం అంటారు. సుమారు మూడు రోజులలో గుట్టలోని కణాలు కొన్ని గుండ్రని సిద్ధబీజాలుగా మారి, కరవు తీరేవరకు నిద్రాణంగా ఉంటాయి. చాలా కణాలకు ఆ భాగ్యం లేదు. అవి మధ్యలోనే విచ్ఛిన్నమై నశిస్తాయి.

మెదడు, నరాలు లేని ఈ జీవులను ఇట్లా నడిపించేది ఏమిటి? జన్యువులే. అయితే ఆ సంగతి తెలుసుకొన్న విధానం గమనింపదగినది.

1970 దశకంలో స్టాన్‌ఫర్డు విశ్వవిద్యాలయంలో జొనాథన్ హాడ్జ్‌కిన్, డేల్ కైజర్ జన్యువులు చెడిన కణాలను ఏరి, వాటి నడకను పరీక్షించారు. కణానికి ఒకే చలనయంత్రం ఉంటే, దానికి సంబంధించిన ఏ జన్యువు చెడినా నడక ఆగిపోవాలి. అట్లా జరుగలేదు. కొన్ని జన్యువులు చెడిన కణాలు ఒంటరిగా పోగలిగాయి. మరికొన్ని చెడిన కణాలు పక్కన తోడు ఉంటేనే కదిలాయి. ఈ రెండు రకాల లోపాలూ ఒకే కణంలో చేరినప్పుడు నడక పూర్తిగా నిలిచిపోయింది. అంటే కణంలో రెండు వేరు వేరు చలనయంత్రాలు ఉన్నవన్నమాట. దీనికి ఒక్కటే మినహాయింపు. ఎమ్.జి.ఎల్.ఎ. అనే జన్యువు రెండింటికీ ఉమ్మడి. కణపు ఏ కొన ముందుండాలో నిర్ణయించేది అదే. అది చెడితే రెండు నడకలూ సాగవు.

గుంపు నడకలో కణం తన కొననుండి సన్నని పోగులు చాచి, తోటి కణాలపై ఉన్న చక్కెరజాతి జిగురును పట్టుకొని, పోగును ముడిచి తనను తాను ముందుకు లాగుకొంటుంది. ఒంటరి నడకకు పోగులు అక్కరలేదు. కణపు పొరలలోని ప్రోటీనులు కింది తలాన్ని పట్టుకొని కణాన్ని ముందుకు నెడతాయి.

ఇక అసలు వింత. కదలలేని కణాలను ఆకలికి గురిచేస్తే గుట్టలు కట్టవు, అది సహజమే. కాని అవి సిద్ధబీజాలుగా కూడా మారవు! బీజంగా మారటానికి నడకతో పనేమిటి?

1990లో కిమ్, కైజర్ దీనికి సమాధానం చూపారు. అగార్ తలంమీద అతి సన్నని చాళ్ళు గీసి, కదలలేని కణాలను వాటిలో వేశారు. కణాలు చాలువెంట వరుసగా ఒకదానినొకటి ఆనుకొని పడుకొన్నవి. అప్పుడు అవే కణాలు సిద్ధబీజాలుగా మారాయి! సి.ఎస్.జి.ఎ. అనే జన్యువుపై ఆధారపడిన ఒక సంకేతం, కణాలు బారుగా తీరి ఒకదానికొకటి తగిలినప్పుడే బాగా అందుతుంది. మామూలుగా ఆ తీరు నడకవల్ల కుదురుతుంది. ఇక్కడ చాలు ఆ పని చేసింది.

ఈ సంకేతం మోతాదు తక్కువగా ఉన్నప్పుడు కణాలు బారులు తీరి గుమికూడతాయి. బాగా పెరిగినప్పుడే బీజాలవుతాయి. దగ్గరైనకొద్దీ సంకేతం పెరుగుతుంది. అందుచేత గుట్ట కట్టకముందే తొందరపడి బీజాలు కావటం తప్పుతుంది.

యంత్రంలో ఒక్కొక్క మరనే తీసి చూచి దాని పని తెలుసుకోవటం జన్యుశాస్త్రపు పద్ధతి. తీసిన మర లోటును ఒక చిన్న చాలుతో పూరించి చూడటం అంతకన్న మెరుగైన పరీక్ష. ఉపాధ్యాయులు ఈ రెండు మెట్లనూ విద్యార్థులచేత ఆలోచింపజేస్తే, ప్రయోగమంటే ప్రకృతిని సూటిగా ప్రశ్నించటమేనని వారికి బోధపడుతుంది.